గోడ అవతలి పొలిమేర

"ఉప్పు సరిపోయిందా?" అని వడ్డించే ఇల్లాలు అడిగినప్పుడు మనలో ఎందరు నాలుకను సంప్రదించి జవాబు చెబుతారో చదువరులు ఒక్కసారి ఆలోచించుకోవాలి. "సరిపోయింది" అన్న మాట చాలాసార్లు ముద్ద గొంతు దిగకముందే బయటికి వచ్చేస్తుంది. అబద్ధమాడాలని ఎవరూ అనుకోరు. అది మర్యాద. అయితే నాలుకను అడగని ఆ మర్యాద ఎంత దూరం పోగలదో చెప్పే సంగతి ఒకటి ఉంది.

యుద్ధం జరుగుతున్న రోజులు. బెంగళూరు కబ్బన్‌పేటలో వెంకటగిరియప్ప అనే పట్టు నేతగాడి ఇంట్లో సుశీల అనే అమ్మాయి ఉంటూ, దండులోని, అంటే కంటోన్మెంటులోని ట్రైనింగు స్కూలులో ఉపాధ్యాయురాలి చదువు చదువుతుండేది. ఆమెది పెనుకొండ. రైలెక్కితే ఒక పూట ప్రయాణమే గాని, ఆ రోజుల్లో అది వేరే సీమ. రాజు వేరు, కచ్చేరి భాష వేరు. సుశీల తల్లి దృష్టిలో కూతురు పరదేశం పోయినట్టే. బండెక్కించేటప్పుడు ఆమె చెప్పిన బుద్ధి ఒక్కటే. "తిన్నింటి వాసాలు లెక్కబెట్టొద్దు."

వెంకటగిరియప్ప సుశీల తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. అతడూ, అతని భార్య భాగీరథమ్మా ఆ పిల్లను కన్నబిడ్డలా చూసుకున్నారు. వారి మంచితనంలో లోపం లేదు. ఈ మాట ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ కథలో చెడ్డవారు ఎవరూ లేరు.

తెల్లవారగానే ఆ వీధి పొడుగునా పట్టు పడుగులు సాచేవారు. సుశీల పుస్తకాల సంచి గుండెకు హత్తుకొని, ఆ పోగులకు తగలకుండా వంగి వంగి వీధి దాటేది. కొన్నాళ్ళకు ఇంట్లో కూడా ఆమె అలాగే నడవసాగింది. పెట్టింది తినడం, అడిగితే తల ఊపడం, మిగతా వేళ గోడకు ఆనుకొని చదువుకోవడం. ఏది ఇష్టమో, ఏది కాదో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పకుండా ఉండగా ఉండగా ఆమెకే తెలియకుండా పోయింది. చలికి తిమ్మిరెక్కిన చేయి మనది కానట్టు ఎలా ఉంటుందో, ఆమెకు తన మనసు అలా ఉండేది. అదేమీ బాధగా లేదు. బాధ కూడా లేకపోవడమే అందులోని చిక్కు.

ఆ వీధిలో ఆమె తిమ్మిరిని కాస్త కదిలించగలిగిన మనిషి ఒక్కతే. పక్కింటి కదిరమ్మ. నా అన్నవాళ్ళు లేని ముసలామె. వెంకటగిరియప్ప మగ్గానికి పేక పోగును కండెలుగా చుట్టి పెడుతుండేది. నోటికి తాళం లేదు. సుశీలను చూడగానే పెరటి గోడ మీదుగా పలకరించేది.

"ఏమ్మా టీచరమ్మా! ఈ పొద్దు ఎంతమందిని కొట్టినావు?"

"ఎవర్నీ కొట్టలేదవ్వా."

"ఇంగేం టీచరు నువ్వు! సుమ్నే, ఊరికే దండు దాకా నడిచి పోయి వస్తాండావు. నన్నన్నా పంపుంటే ఇద్దర్ని కొట్టి వస్తుంటి."

ఆ మాటకు సుశీల పెదవులు కొంచెం కదిలేవి. అది నవ్వేనని కదిరమ్మ పట్టుబట్టేది.

ఆ ఏడు చలికాలంలో పేటలో అక్కడక్కడ ఎలుకలు చచ్చి పడుతున్నాయన్న మాట పుట్టింది. ప్లేగు ఎరిగిన ఊరికి దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు. సుశీల మాదిరి పాఠం చెప్పవలసిన వంతు అప్పుడే వచ్చింది. పర్యవేక్షించే ఉపాధ్యాయిని సుబ్బలక్ష్మమ్మ ఆమెకు ఇచ్చిన అంశం కూడా ప్లేగే.

సుశీల రంగుల పటం గీసుకొని పోయింది. ఎలుక ఒంటిమీద బతికే చిన్న పురుగును గుమ్మడికాయంత చేసి చూపింది. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగులు వెచ్చని ఒంటిని వెతుక్కుంటాయని, చచ్చిన ఎలుకను తాకరాదని, వెంటనే మునిసిపాలిటీకి తెలిపి ఇల్లు ఖాళీ చేయాలని, సూది వేయించుకోవాలని వివరించింది. చివరి వరుసలోని ఒక పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, ఇంట్లో పెద్దోళ్ళు చెప్పొద్దంటే?"

"పెద్దలకు వినయంగా నచ్చజెప్పాలి," అంది సుశీల క్షణం ఆలస్యం లేకుండా.

పాఠం ముగిశాక సుబ్బలక్ష్మమ్మ మెచ్చుకుంది. పటం బాగుంది, గొంతు వెనక బెంచీ దాకా వినిపించింది. తరవాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ పిల్ల అడిగినదానికి నీ జవాబు చాలా త్వరగా వచ్చిందమ్మా. అంత త్వరగా వచ్చే జవాబును మనం ఇంకా ఎక్కడా వాడి ఉండము," అంది. సుశీల తల ఊపింది. ఆ మాట ఆమె చెవుల దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వెంకటగిరియప్ప మగ్గం గుంతలో కూర్చొని నాడెను పోగుల మధ్య అటూ ఇటూ ఆడిస్తున్నాడు. మగ్గం మీద ఎవరిదో పెండ్లి చీర సగం అయి ఉంది. సుశీల కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. అక్కడ భాగీరథమ్మ చేట పట్టుకొని నిలుచుంది. చేటలో వేపమండలు, వాటి మీద ఒక చచ్చిన ఎలుక. దాని నుదుటికి పసుపూ కుంకుమా.

"ఎప్పుడొచ్చినావు బిడ్డా?"

"ఇప్పుడే అత్తా."

"పొలిమేర దాటిస్తాండా, అంతే. మా అవ్వ కాలం నుంచీ ఉండేదే ఇది. మారమ్మ తల్లిని మర్యాదగా సాగనంపితే మన జోలికి రాదు."

సుశీల నోటిలో పొద్దున చెప్పిన పాఠమంతా వరుస తప్పకుండా ఉంది. భాగీరథమ్మ ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది.

"మునిసిపాలిటీ వాళ్ళకు తెలిసిందనుకో, పెంకులు దించేసి ఇల్లు ఎండకు పెడతారు. మనల్నంతా ఊరిబయట గుడిసెల్లోకి తోలేస్తారు. మగ్గం మీద పెండ్లి చీర ఉండాది, మీ మామ గుండె పగిలిపోతాది. ఇంగ నిన్ను గుడిసెలో యాడ పెట్టుకునేది? మీ నాయన వచ్చి పిల్చుకొని పోతాడు. నీ ట్రైనింగు అంతటితో సరి. నువ్వేం చూళ్ళేదు కదా?"

"లేదత్తా."

భాగీరథమ్మ కళ్ళు మూసుకొని ఏదో గొణిగి, చేటను గోడ మీదుగా వంచింది. అవతల కదిరమ్మ కట్టెల కుప్ప మీద చిన్న చప్పుడైంది.

ఇక్కడ చదువరులు భాగీరథమ్మ మీద తొందరపడి కోపగించుకోవద్దు. ఆమె పెద్దల ఊళ్ళలో రోగం వచ్చినప్పుడు మారమ్మను చేటలో పెట్టి, డప్పులతో ఊరి పొలిమేర దాటించి వచ్చేవారు. పొలిమేర అవతల బీడు నేల ఉండేది. ఆ ఆచారం రోగాన్ని ఆపిందని నేను నమ్మను. అయితే చచ్చిన ఎలుకను జనానికి దూరం చేసిన మేరకు కొంత హాని తగ్గి ఉండవచ్చు. ఆ ఊళ్ళు విడిచి పట్నం వచ్చినవారు ఆచారాన్ని మూటగట్టి తెచ్చుకున్నారు. బీడు నేలను తేలేకపోయారు. గోడకు గోడ ఆనుకొన్న పేటలో పొలిమేర అవతల ఉన్నది ఇంకొకరి వంటిల్లు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడం భాగీరథమ్మకు తోచలేదు. సుశీలకు తోచింది.

ఆ పూట వడ్డిస్తూ భాగీరథమ్మ అడిగింది.

"ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

"సరిపోయింది అత్తా."

మరునాటి ఉదయం గోడ మీద కదిరమ్మ తల కనిపించింది.

"ఏమే భాగీరథీ! నా కట్టెల్లోకి పెండ్లికూతురు వచ్చింది గదే! పసుపంట, కుంకుమంట, వేపాకు సేసలంట! మొగుడు యాడుండాడో తెలీదు. తోక పట్టుకొని అత్తగారింటికి సాగనంపితి."

భాగీరథమ్మ చేతిలోని చెంబు ఒరిగింది. "యాడికి సాగనంపినావక్కా?"

"నాకు అవతల ఇల్లు లేదు గదా, మోరీ కాలవలో వేస్తి. ఏం టీచరమ్మా, మొకం అట్ల పెట్టుకున్నావు? ఆ ఎలక నీ క్లాసులో పిల్ల గాని కాదు గదా?"

చేత్తో పట్టుకున్నావా అవ్వా? ఆ ఇంట్లో ఉండొద్దు, ఇప్పుడే బయటికి రా. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఊపిరి ఒక్కటి చాలు. సుశీల నోరు తెరిచింది. భాగీరథమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. కన్నబిడ్డలా చూసుకున్న మనిషి బతిమాలుకొంటే ఎదిరించడం బెదిరింపును ఎదిరించడం కంటే కష్టం.

"టైమయింది అవ్వా, పోతాను," అంది సుశీల. వీధిలో పడుగుల కింద వంగి దండు వైపు నడిచింది.

కొద్ది రోజులకే కదిరమ్మకు చలిజ్వరం వచ్చింది. చంకలో గడ్డ లేచింది. అంటురోగాల ఆసుపత్రికి బండిలో ఎత్తుకొని పోయారు. బండి ఎక్కుతూ కూడా, "కండెలు బుట్టలో ఉండాయి గిరియప్పా, పేక నిలపొద్దు," అందట. ఆమె తిరిగి రాలేదు.

కదిరమ్మ పోయిందన్న మాట వినగానే సుశీల ఏడవలేదు. ఏడుపు రాలేదు. రావడం లేదని తెలిసింది, అంతే. ఆ రోజు కూడా స్కూలుకు పోయింది, నల్లబల్ల తుడిచింది, తిరిగి వచ్చింది.

మునిసిపాలిటీవారు ఆ వరుస ఇళ్ళన్నిటి పెంకులూ దించారు. వెంకటగిరియప్ప ఇంట్లోకి నడినెత్తిన ఎండ పడింది. సగం చీర మీద దుప్పటి కప్పి అతడు మగ్గం గుంతలోంచి పైకి వచ్చాడు. ఏది జరగకూడదని ఎలుక గోడ దాటిందో అదంతా జరిగింది. తేడా ఒక్కటే, ఒక మనిషి లేదు. సుశీలను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న మాత్రం పుట్టనే లేదు. ఆమె పెట్టెను వెంకటగిరియప్పే తలకెత్తుకొని, "యాడికమ్మా నిన్ను పంపేది? రా," అని ఊరిబయటి గుడిసెకు నడిచాడు.

అందరూ సూదులు వేయించుకున్నారు. గుడిసెలో మొదటిసారి వండిన రోజు వెంకటగిరియప్ప నాలుగు ముద్దలు తిని, మరో ముద్ద చేత్తో పట్టుకొని ఆగాడు.

"ఆ యమ్మ ఇంట్లో ఒక్క గింజ చిందదు. ఆ ఇంటికి ఎలక యాట్నుంచి వచ్చిండునో నాకు తెలీడంలేదు," అన్నాడు.

భాగీరథమ్మ గరిటె ఎత్తి, అలవాటు చొప్పున అడిగింది. "ఉప్పు సరిపోయిందా బిడ్డా?"

సుశీల మరో ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలా నెలల తరవాత నాలుకను అడిగింది.

"లేదత్తా. చానా ఎక్కువైంది."

ఉప్పు నిజంగానే ఎక్కువైంది. అంతవరకూ ఆమె, వెంకటగిరియప్ప ఇద్దరూ అదే తిన్నారు, ఎవరూ అనలేదు. భాగీరథమ్మ గరిటె కింద పెట్టింది. సుశీల గొంతు ఎత్తలేదు, పాఠం చెప్పే గొంతు కాదది.

"మామా, ఆ ఎలక మన పెరట్లో పడింది. గోడ మీదుగా అవతలికి పోయింది. నేను చూసినాను. మరుసటి రోజు అవ్వ నాతో మాట్లాడింది. అప్పుడు కూడా చెప్పలేదు."

భాగీరథమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిన్నింటి వాసాలు లెక్కబెడతాండావా తల్లీ?" అంది ఏడుస్తూ.

"లెక్కబెట్టొద్దని మా అమ్మ కూడా చెప్పింది. అందుకే నోరు మూసుకొని ఉంటిని. కానీ వాసం విరుగుతా ఉంటే చెప్పొద్దని ఆమె చెప్పలేదత్తా. అది నేనే అనుకుంటిని."

వెంకటగిరియప్ప భార్యను తిట్టలేదు. ముద్దను కంచంలో పెట్టేశాడు. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "నేనూ మగ్గం ముందే కూర్చోని ఉంటి. ఎలకలు పడతాండాయని వీధంతా చెప్పుకుంటాంటే, మనింట్లో ఎట్లుండాదని ఒక్క దినం అడగలేదు. చీర నేత నిలిచిపోతాదని భయం. అడిగుంటే నువ్వు చెప్పుందువు భాగీరథీ. అడగనోడు నేను, చెప్పనోళ్ళు మీరు. ఒక్కరి పని కాదు ఇది."

ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. దీపం వత్తి సరిచేసి పడుకున్నారు.

చలి తగ్గక ముందే ఆ గుడిసెల వరుసలో మరో ఎలుక పడింది. పడింది భాగీరథమ్మ పొయ్యి పక్కనే. ఆమె చెయ్యి అలవాటుగా చేట కోసం సాగింది. సుశీల వాకిట్లో కూర్చొని చూస్తోంది. కళ్ళు తిప్పుకోలేదు. భాగీరథమ్మ చేట అందుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకొని, గుడిసె బయటికి వచ్చి, మధ్యలో ఒక్క గోడ కూడా లేని ఆ బయలులో నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"ఇనండప్పా! మా గుడిసెలో ఎలక పడింది! ఎవరూ తాకొద్దండి! పిల్లోళ్ళను ఇట్ల రానీయద్దండి! పోయి ఇనస్పెక్టరును పిలవండి!"

గుడిసెల్లోంచి జనం బయటికి వచ్చారు. ఒకరిద్దరు విసుక్కున్నారు, ఒకామె శాపనార్థాలు పెట్టింది. భాగీరథమ్మ అన్నీ వింటూ, ఇనస్పెక్టరు వచ్చేదాకా గుమ్మంలోకి ఎవరినీ రానివ్వకుండా నిలుచుంది. ఆ వరుసలో ఆ తరవాత ఎవరికీ జ్వరం రాలేదు. అరుపు వల్లనే రాలేదని రుజువు చేయడం నావల్ల కాదు. అరవకపోతే ఏమవుతుందో మాత్రం కదిరమ్మ ఖాళీ ఇల్లు రుజువు చేసింది.

ఆ పూట సుశీల ట్రైనింగు స్కూలుకు నడుస్తుంటే త్వరగా వచ్చే జవాబు గురించి సుబ్బలక్ష్మమ్మ అన్న మాట ఇన్నాళ్ళకు చెవుల్లోంచి లోపలికి దిగింది. కళ్ళు తడి కాలేదు. ఆ తిమ్మిరి ఒక్క రోజులో వదిలేది కాదు. కాని నాలుక మీద ఆ పొద్దు తిన్న ముద్దలోని ఉప్పు రుచి ఇంకా ఉంది, అది ఉప్పని ఆమెకు తెలుస్తోంది.

చదువరులారా, మన ఇంట్లో పడిన కీడును గోడ అవతల పారేస్తే అది పొలిమేర దాటినట్టు కాదు. తెలిసినవారు, తిన్న ఇంట్లోనైనా సరే, నోరు తెరిచి చెప్పిన చోటే దాని పొలిమేర.