టోటల్‌లో కలిసిన మూడు సంచులు

గట్టు మండలం ఊళ్లలో 'మొత్తం' అనే మాట ముసలివాళ్లకే మిగిలింది. మిగతా అందరి నోటా టోటలే. కూలీల టోటల్, సంచుల టోటల్, ఒంట్లో బాగా లేకపోతే "టోటల్ పరేషాన్". ఎవరిని కలుపుకున్నా ఎవరి పేరూ అడగని మాట అది. అందుకే పెత్తందార్లకు దానిమీద అంత ప్రేమ.

ఎస్తేరమ్మ పదిహేనేళ్లు విత్తనాల కోసం వేసే ఇతరుల సీడుపత్తి చేలల్లో క్రాసింగు కూలీ. సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు తీసెయ్యాలి, పొద్దున దానికి మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఒలవకుండా తప్పిపోయిన పువ్వు తనంతట తానే కాయ పట్టేస్తుంది. ఆ గింజ కలిస్తే విత్తనం కల్తీ. ఈసారి ఆమె సొంతంగా ఎకరం కౌలుకు తీసుకుంది. విత్తనం కంపెనీ పరీక్షలో పాసైతేనే డబ్బొచ్చి కౌలు నిలుస్తుంది, లేకుంటే మళ్లీ కూలే. అందుకని తన చేలో ఒక్క తప్పు పువ్వును కూడా బతకనియ్యలేదు.

పక్కచేను రామచంద్రయ్య పటేలుది, ఆరెకరాలు. పిసినారి మనిషి, సగం కూలీలతో పని కానిచ్చాడు. ఆయన చేలో తప్పు పువ్వులు పండగ చేసుకున్నాయి.

గింజలు సంచులకెత్తాక, కంపెనీ తరఫున విత్తనాలు సేకరించే నిరంజన్ ఎస్తేరమ్మ ఇంటికి వచ్చాడు.

"మూడు సంచులకు వేరే శాంపిల్ ఏంది? పటేలు కుప్పల కలుపు. టోటల్‌కు ఒక్కటే పరీక్ష."

"పటేలు ఒప్పుకుంటడా సారూ?"

"ఆయననే కలుపుమన్నడు."

ఎస్తేరమ్మకు కళ్లు చెమర్చాయి. పటేలు కల్లంలో ఆమె తల్లికి చెంబు ముట్టనియ్యకుండా నీళ్లు దోసిట్లో ఎత్తిపోసేవారు. ఇప్పుడు తన గింజా ఆయన గింజా ఒకే కుప్ప! ఆయన చేలోని తప్పు కాయలు కళ్లారా చూసింది. చూసి కూడా నోరు మూసుకుంది. పాడు గౌరవం, అంత తియ్యగా ఉంటుంది. సంచులు తానే మోసుకెళ్లి, తన చేత్తోనే కుమ్మరించింది.

వేసవిలో ఫలితం వచ్చింది. టోటల్ ఫెయిల్.

కిరాణా కొట్టు ముందు పదిమందిలో రామచంద్రయ్య ఆమెను పట్టుకుని అరిచాడు.

"అలవాటు లేనోళ్లకు చేనిస్తె గిట్లనే అయితది. దీని మూడు సంచులు నా టోటల్‌ను ముంచినయి."

"నా చేన్ల ఒక్క తప్పు కాయ లేకుండె పటేలా."

"గట్లనా? అయితె కుప్పలకెల్లి నీ గింజలు ఏరి చూపియ్యి."

అందరూ నవ్వారు. అన్నీ తెలిసిన నిరంజన్ కూడా నవ్వాడు.

పంట డబ్బు రాలేదు, ఎస్తేరమ్మ కౌలు కట్టలేకపోయింది. ఆ ఎకరం రామచంద్రయ్యే కౌలుకు పట్టాడు. వానలు పడి, మళ్లీ పూత మొదలయ్యాక ఒకరోజు ఆమె ఇంటి ముందు బండి ఆపాడు. దిగలేదు.

"రేపటిసంది పనికి రా. నువ్వు మొగ్గలు ఒలవొద్దు. అందరెనక నడిచి తప్పు పువ్వులు తుంచు. ఈ ఊర్ల నీయంత సాఫ్ పని ఎవ్వరికి రాదు."

ఎస్తేరమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"గీ సంగతి నీకు ఎప్పటిసంది ఎరుక పటేలా?"

"ఎరుక గాబట్టే గద, నీ గింజలతోని నాయి గూడ పాసైతయని అప్పుడు కలుపుమన్న," అని ఆయన బండి తిప్పుకున్నాడు. "పొద్దుగాల ఆరింటికల్లా చేన్ల ఉండాలె."

ఆమె ఆరింటికి ముందే వెళ్లింది.