తారు రోడ్డు టైర్లు

కొండల్లో మట్టిదారుల మీద తిరగడం భర్త మానుకుంటాడన్న ఆశతో, ఆమె టైర్ల షాపతనికి చాటుగా ఫోన్ చేసింది. "మట్టిదారి టైర్లు అయిపోయాయని చెప్పండన్నయ్యా. తారు రోడ్డువే బిగించండి."

వారం తిరక్కుండానే భర్త టూరింగ్ మోటార్‌సైకిల్‌కి సామాను కట్టేశాడు. "ఏ టైర్లయితేనేం, కొండదారిలోనే వెళ్తాను. నువ్వు బెంగపెట్టుకోకు."

బయట ముసురు పట్టి ఉంది. బురదలో ఈ టైర్లు జారిపోతాయని షాపతను ఆ రోజే ఫోన్‌లో ఆమెను హెచ్చరించాడు. ఆమె బండికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. ఆ టైర్లు అయిపోలేదు. అలా చెప్పించింది నేనే."

అతను కడుతున్న తాడు వదిలేశాడు. "పాపం, ఇన్ని రోజులూ షాపతన్ని తిట్టుకుంటున్నానే!"

"ఆ తిట్లన్నీ నన్నే తిట్టండి. ముందు టైర్లు మార్పించుకోండి" అంది, తలెత్తకుండానే.