చివరి బల్ల దగ్గర వోల్టేజీ

రెండో హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టి వచ్చి, ఆమె మళ్లీ ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. కాగితంలో ఉన్నది ఒకటే మాట: పని మందకొడి. మూడోది వస్తే ఇక రానక్కర్లేదు.

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆర్డర్లు పెరిగినప్పుడు ఇస్త్రీ షెడ్డును వెనక్కి పొడిగించి కొత్తగా ఆరు బల్లలు వేశారు. వాటిలో చిట్టచివరిది ఆమెది. రోజుకు నూట ఎనభై చొక్కాలు కావాలి. ఎంత ఒళ్లు వంచినా నూట ముప్పై దాటడం లేదు. కొత్త బల్లల మీద మిగతా ఐదుగురూ లెక్క అందుకోలేకపోతున్నారు గానీ, అందరికన్నా వెనక ఆమే. ఒక్కో మడతను మూడుసార్లు రుద్దితే గానీ ముడత పోదు. సాయంత్రానికి కుడి భుజం తనది కానట్టుండేది. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినా ఆమె లేచేది కాదు. ఎందుకో ఆ అరగంటే చెయ్యి చకచకా సాగేది.

అంతకుముందు ఆ బల్ల అత్తగారిది. పాత వరసలో పదిహేనేళ్లు చేసిన మనిషి. కొత్త బల్లకు మార్చిన నాలుగు నెలలకే, వయసైపోయిందని మాన్పించి కోడలిని పెట్టుకున్నారు. నిజమే కాబోలు, అరవై దగ్గరపడ్డాక చేతుల్లో సత్తువ ఎక్కడుంటుందని అప్పట్లో కోడలూ అనుకుంది.

ఆ సాయంత్రం అత్తగారు ఆమె భుజానికి వేడి గుడ్డతో కాపడం పెడుతూ అడిగింది.

"ఎన్నయ్యాయి?"

"నూట ఇరవై ఆరు."

"నాకూ అంతే అయ్యేవి. నీ పెట్టెకి ఎర్ర దీపం ఆరుతోందా?"

"దీపమా?"

"కాలాల్సినంత కాలితే దీపం ఆరాలి కదా. పాత బల్ల దగ్గర ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఇక్కడ వెలిగిందంటే వెలిగినట్టే. అప్పుడే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు గనక."

కోడలు ఆలోచించింది. తన దీపమూ ఆరదు. భోజనం వేళ, తక్కిన ఐదు పెట్టెలూ ఆపేసి ఉన్నప్పుడు మాత్రం ఆరుతుంది.

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ని పట్టుకుంది. షెడ్డులో ఆడవాళ్లందరికీ ఆయన ఫ్యూజు బాబాయి. మీటరు పెట్టి చూసి, "రెండు వందల ముప్పై వోల్టులు. దివ్యంగా ఉంది" అన్నాడు.

"ఇప్పుడు కాదు బాబాయ్. ఆరు పెట్టెలూ కాలుతున్నప్పుడు చూడు."

"మళ్లీ ఇంత దూరం రావాలా? నా మోకాళ్లు నీకేం పాపం చేశాయే తల్లీ!" అని గొణిగాడు. అయినా పదకొండింటికి వచ్చాడు.

ఈసారి మీటరు నూట ఎనభై నాలుగు చూపించింది. ఆయన మీటరును ఒకసారి తట్టి మళ్లీ పెట్టాడు. అదే అంకె. తీగ చుట్టూ పట్టుకునే మీటరుతో ఆమె పెట్టెకి వచ్చే కరెంటు చూశాడు. మూడున్నర ఆంపియర్లకు కాస్త తక్కువ: మూడు పాయింటు నాలుగెనిమిది. చొక్కా కాలరులో పెట్టే అట్ట ఒకటి తీసుకుని, దాని మీద లెక్క వేశాడు.

"వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం. యాభై మూడు ఓములు వస్తోంది. ఈ రకం పెట్టెకి ఉండాల్సింది అంతే. అంటే పెట్టెకి ఏ రోగమూ లేదు. ఇప్పుడు రెండూ గుణిస్తాను చూడు, అది పవరు. ఆరు వందల నలభై వాట్లు. ఇది వెయ్యి వాట్ల పెట్టె అమ్మాయ్!"

"వోల్టేజీ తగ్గింది ఐదో వంతేగా? వేడి మూడో వంతు పైగా ఎలా పోయింది?"

"వోల్టేజీ తగ్గితే దాంతోపాటు కరెంటూ తగ్గుతుంది. రెండు వైపులా కోతే."

"మరి ఆ తగ్గిన నలభై ఆరు వోల్టులు ఎటు పోయాయి?"

ఆయన గోడ వెంట తీగ గొట్టాన్ని పట్టుకుని నడిచాడు. ఒకచోట అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆరు పెట్టెల కరెంటు కలిపి ఇరవై ఒక్క ఆంపియర్లు. దాన్ని నలభై ఆరుతో గుణిస్తే తొమ్మిది వందల అరవై ఆరు వాట్లు. షెడ్డు పొడిగించినప్పుడు, ప్రస్తుతానికి చాలులే అని లాగిన సన్నని తీగ అది. ఇంచుమించు ఒక పెట్టెకి సరిపడా వేడి గోడలోనే కాలిపోతోంది.

ఆయన అక్కడికక్కడే ఆరు పెట్టెలూ ఆపించాడు. సూపర్వైజరు పరుగున వచ్చాడు.

"ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే" అన్నాడు ఆమెను చూసి.

"మద్దెలే ఓడు సార్" అన్నాడు బాబాయి. "లెక్క ఇదిగో. లెక్క మీద నమ్మకం లేకపోతే ఆ గొట్టం పట్టుకోండి. ఇన్నాళ్లూ అంటుకోకపోవడం మన అదృష్టం."

సూపర్వైజరు పట్టుకుని చూశాడు. పైవాళ్లకు తనేం చెప్పుకోవాలో వెతుక్కుంటున్నట్టు కాసేపు గోడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

రెండు రోజులకు లావు తీగ వేశారు. ఆమె మొదటి రోజే నూట ఎనభై ఎనిమిది చొక్కాలు చేసింది. హెచ్చరిక కాగితాలు వెనక్కి ఇమ్మంటే, "ఫైల్లోకి వెళ్లింది బయటికి రాదమ్మా" అని సూపర్వైజరు వాటి కింద 'తీగ లోపం' అని రాశాడు. పై నెల నుంచి లెక్క రెండు వందలన్నారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. అత్తగారిని మళ్లీ పనిలోకి పిలవమని కూడా అడిగింది. బల్లలేవీ ఖాళీ లేవన్నాడు. నీ కాగితాల మీద తీగ లోపం అని రాశాంగా, ఇంకా ఆవిడ సంగతి ఎందుకన్నాడు.

ఇంటికొచ్చి అంతా చెప్పింది. అత్తగారు లెక్కను రెండుసార్లు చెప్పించుకుంది.

"అయితే ఆ ఆరు వందల నలభైతోనే నేను నూట ముప్పై చొక్కాలు లాగానా?"

"అవునత్తయ్యా. నేనూ నీ చేతుల్నే అనుమానించాను."

అత్తగారు అరచేతులు తిప్పి చూసుకుంది.

"పిలిచినా వెళ్లేదాన్నో లేదో. ఓపిక లేదు" అంది. "కానీ పిలవాల్సింది."