గోడ మీద దమయంతి టీచర్

నేను ఒక ట్యాబ్‌ను. పలకంత ఉంటాను, పలక కంటే కాస్త బరువు. నన్ను తయారుచేసిన చోట అందరి చేతులకూ తొడుగులే. అందువల్ల మనిషి వేలు నాకు మొదటిసారి తగిలింది సిరిసిల్లలోని ఒక సర్కారు హైస్కూల్లో. ఆ వేలికి కుంకుమ ఉంది. పూర్వ విద్యార్థులు నన్నూ ఒక ప్రొజెక్టర్‌నూ బడికి కానుకగా ఇచ్చిన రోజున హెడ్మాస్టర్ నాగభూషణం సార్ నా వీపున బొట్టు పెట్టి, దండ వేసి, నాతో ఫోటో దిగి, తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు పగలగొడతారని ఆయన భయం. చదువు కోసం తెచ్చిన వస్తువును చదువుకునేవాళ్లకు అందకుండా కాపాడటంలో మనుషులకు ఎంత శ్రద్ధో నాకు అప్పుడే తెలిసింది.

నన్ను బయటికి తెచ్చింది దమయంతి టీచర్. పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేది. బడి చుట్టూ మరమగ్గాల షెడ్లు. అక్కడివాళ్లు వాటిని సాంచాలంటారు. పొద్దంతా వాటి చప్పుడు కిటికీల్లోంచి వచ్చి తరగతి గదిని నింపేసేది. దాని మీదుగా అరిచి అరిచి ఆమె గొంతు ఎప్పుడూ కాస్త బొంగురుగానే ఉండేది.

"పగిలితే నా పేరు రాసుకోండ్రి సార్," అని తాళంచెవి అడిగింది. "లోపల పెట్టుకుంటే ఏం ఫాయిదా?"

మొదటి రోజు ఆమె ఎవరో తయారుచేసిన వీడియో ఒకటి పెట్టి పక్కకు నిలబడింది. పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. ఆమె ముఖం వెలిగిపోయింది. అయిపోయాక ఒక ప్రశ్న వేస్తే అందరూ పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. చివరికి బీడీలు చుట్టే రాజవ్వ కూతురు రుచిత లేచి, "మంచిగ ఉండె టీచర్, సినిమా లెక్క," అంది. టీచర్ నవ్వింది గానీ ఆ మాట ఆమెకు బాగానే తగిలింది.

మర్నాడు నన్ను చంకన పెట్టుకుని సాంచాల షెడ్డుకు వెళ్లింది. మోటారు చక్రం, బెల్టు, సాంచె చక్రం ఆగి ఉన్నప్పటి నుంచి జోరుగా తిరిగేదాకా నాతో వీడియో తీసింది. దాన్ని తరగతి గోడ మీద చూపిస్తూ సరిగ్గా బెల్టు కదలబోయే చోట ఆపేసింది. "చిన్న చక్రం జల్ది తిరుగుతదా, పెద్దదా? ముందుగాల రాసుకోండ్రి. పక్కోళ్లతోని కొట్లాడుండ్రి. తర్వాత చూద్దాం."

అలా మొదలైంది. ఆ తరగతిలో నేను నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. ఆగినప్పుడల్లా గది సంతలా మారేది. ఒప్పు చెప్పినవాళ్లను ఆమె త్వరగా కూర్చోబెట్టేది. తప్పు చెప్పినవాళ్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడి, "అట్ల ఎందుకనుకున్నవ్? చెప్పు, నేను వింట," అనేది. అందరికంటే ఎక్కువ తప్పులు రుచితవి. అంతకుముందు హాజరు పలకడానికే జంకిన ఆ పిల్ల, తప్పు చెప్పడానికి అందరికంటే ముందు లేచేది.

దసరా సెలవులు అయ్యేసరికి టీచర్ గొంతు ఇంకా కిందికి దిగింది. సుద్దపొడి అనుకుంది. బట్టల కొట్టు నడిపే ఆమె భర్త చంద్రమౌళి బలవంతంగా హైదరాబాద్ తీసుకెళ్తే, గొంతులో గడ్డ ఉందనీ, స్వరపేటిక తీసేయాలనీ, ఆ తర్వాత ఆ గొంతుతో మాట రాదనీ డాక్టర్లు చెప్పారు.

ఆపరేషన్‌కు ముందు దొరికిన కొద్ది రోజులూ ఆమె రోజూ బడి వదిలాక వచ్చింది. కిటికీలు మూసి, పుస్తకాల దొంతర మీద నన్ను నిలబెట్టి, రికార్డు నొక్కి, ఖాళీ బెంచీలకు పాఠం చెప్పింది. ప్రశ్న వేసి, పిల్లలు జవాబు చెప్పడానికి పట్టే సమయమంతా ఊరుకుని, మళ్లీ మొదలుపెట్టేది. చంద్రమౌళి వరండాలో కూర్చునేవాడు.

"సెలవు పెట్టినవ్ గద. ఇంక ఈ తిప్పలెందుకు?" అన్నాడు ఒకరోజు.

"కరెంటు పాఠం మిగిలింది. పరీక్షలు దగ్గర పడుతున్నయి."

"నాతోని మాట్లాడనీకి కొంచెమన్న మిగుల్చుకో."

ఆమె చీర కొంగుతో నా అద్దం తుడిచింది. "ఇంటికి పోయినంక మాట్లాడుత," అంది. ఇంటికి చేరేసరికి ఆమెకు గొంతు మిగిలేది కాదని మర్నాడు ఆయన ముఖం చూస్తే తెలిసిపోయేది.

ఆపరేషన్ అయింది. పుండు మానలేదు, జ్వరం తగ్గలేదు. ఆమె ప్రాణాలతో తిరిగి రాలేదు.

కొన్నాళ్లకు నాగభూషణం సార్ తానే నన్ను తరగతికి తెచ్చి వీడియో పెట్టారు. గోడ మీద టీచర్ కనబడగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. "కూసోండ్రి," అంది గోడ మీది టీచర్. కూర్చున్నారు. కొందరు అప్పటికే ఏడుస్తున్నారు.

"రెండు బల్బులు ఒకదాని వెనక ఒకటి ఒకే తీగకున్నయి. ఒకటి పీకేస్తే రెండోది ఏమైతది?"

"ఇంకా ఎక్కువ వెలుగుతది టీచర్," అని రుచిత లేచింది.

"ఎందుకట్ల అనుకుంటున్నవ్? చెప్పు."

"దానికి పోయే కరెంటు గూడ దీనికే వస్తది గద టీచర్. మొన్న మా ఇంట్ల ఫ్యాన్ బంద్ చేస్తే..."

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇగ చూద్దాం," అంది టీచర్.

"నేనింకా మొత్తం చెప్పనేలేదు టీచర్," అంది రుచిత.

పాఠం సాగిపోతోంది. పిల్ల కూర్చోలేదు. ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు. తలుపు దగ్గరున్న నాగభూషణం సార్ గబగబా వచ్చి తడుముకుంటూ నా మీద వేలు పెట్టారు. గోడ మీద బొమ్మ ఆగిపోయింది.

"నేను తెలుగు సార్‌ను బిడ్డా, నాకిది అంతగ రాదు," అన్నారు. "ఫ్యాన్ బంద్ చేస్తే ఏమైంది? చెప్పు."

రుచిత వెక్కుతూనే మొత్తం చెప్పింది. పరీక్షల దాకా ఆయన రోజూ నా పక్కనే కూర్చుని, ప్రశ్న రాగానే ఆపుతూ వచ్చారు.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బింది. ల్యాబులో పగిలిన గాజు గొట్టాల పక్కన పడి ఉన్నాను. పాఠాలన్నీ కొత్త ట్యాబ్‌లోకి వెళ్లిపోయాయి కాబట్టి నాతో ఎవరికీ పనిలేదు. ఇక్కడ నాకు తరచూ గుర్తొచ్చేది ఆ వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం.

చంద్రమౌళి బడికి వచ్చాడు. "ఆమె గొంతు మా ఇంట్ల యాడా లేదు సార్," అన్నాడు. "పెండ్లిళ్ల వీడియోలున్నయి గని, అండ్ల బ్యాండు చప్పుడే."

సార్ ప్రొజెక్టర్ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. చంద్రమౌళి ముందు బెంచీ మీద పిల్లాడిలా ఒదిగి కూర్చున్నాడు. టీచర్ తీగలు గీసింది, బల్బులు గీసింది. ఆయనకు ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. అయినా ఆమె పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

పాఠం మధ్యలో ఆమె సుద్దముక్క పక్కన పెట్టి బెంచీల వైపు తిరిగింది. "సమజ్ కానోళ్లు చెయ్యెత్తుండ్రి. సిగ్గుపడకుండ్రి."

చంద్రమౌళి మెల్లగా చెయ్యెత్తాడు.

ఆమె కాసేపు అటే చూసింది. తర్వాత, "సరే, ముందుకు పోదాం," అని బోర్డు వైపు తిరిగింది.

ఆయన చెయ్యి దించలేదు.