నీళ్ళ అవతలికి జరిగిన ఇల్లు

పొద్దు వాలగానే ముత్యాలయ్య వలలు ఆరేసి ఒడ్డున నిలబడేవాడు. పులికాట్ సరస్సు అవతల, ఇసుకదిబ్బ మీద, అతని ఇంట్లో దీపం వెలిగేది. దీపం అటూ ఇటూ కదిలితే భార్య మస్తానమ్మ కూతురికి అన్నం పెడుతోందని అనుకునేవాడు. అది ఆరిపోయాక పడవ పక్కనే గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు.

ఆ ఇల్లు మొదట ఊళ్ళోనే, అందరి ఇళ్ళ వరసలోనే ఉండేది. ముత్యాలయ్య తాగి వచ్చిన ప్రతిసారీ కాస్త వెనక్కి జరిగింది. ముందు వరస తప్పింది, తర్వాత ఊరి చివరి సర్వి చెట్ల తోపు దాటింది. ఒక వానాకాలం, పొయ్యిలో నిప్పయినా ఆరకుండా, నీళ్ళ మీదుగా అవతలికి పోయింది. "ముత్యాలయ్య ఇల్లు మళ్ళీ జరిగిందంట" అనుకుని ఊళ్ళోవాళ్ళు పనుల్లోకి పోయేవాళ్ళు. పోస్టుమాన్ పడవెక్కి పోవడం అలవాటు చేసుకున్నాడు. మస్తానమ్మ మంచినీళ్ళకు తమ్ముడి పడవలో వచ్చిపోయేది. ముత్యాలయ్య బయల్దేరితే మాత్రం ఎంత తెడ్డేసినా దిబ్బ అంత దూరంలోనే ఉండేది.

"ఇంటిని ఆగమని చెప్పకూడదా?" అని ఒకసారి బావి దగ్గర భార్యను అడిగాడు.

"పొమ్మని నేను చెప్పలా. ఆగమనీ చెప్పలా" అని ఆమె బిందె ఎత్తుకుంది.

సర్కారు సారాను నిషేధించిన రోజులవి. అయినా తోపుల్లో దొంగచాటుగా కాచేవాళ్ళకు కొదవలేదు. ముత్యాలయ్య పోలేరమ్మ మీద ఒట్టు పెట్టుకునేవాడు, ఆ నోటితోనే తాగేవాడు.

ఆ ఏడు ఉప్పు పండించే కొఠారుకు మేస్త్రీగా సమాధానం అనే ఆయన వచ్చాడు. ఒకప్పుడు మద్రాసులో తాగి ఆస్పత్రి పాలై, తాగుడు మానినవాళ్ళు నడిపే కూటంలో కూర్చుని బాగుపడ్డ మనిషి. ఆదివారం సాయంత్రాలు వలల పాకలో అలాంటి కూటమే పెట్టాడు. దర్జీ హనీఫా వచ్చేవాడు. తర్వాత ముత్యాలయ్య వచ్చాడు.

"ఒట్టేస్తన్నానన్నా, మానేస్తా."

"ఒట్లొద్దు. ఇన్నాళ్ళూ నీ చేతనయిందా?" అన్నాడు సమాధానం.

ముత్యాలయ్య తల వంచుకున్నాడు. "కాలేదన్నా."

"అదే మొదటి మెట్టు. మా చేతా కాలా. మా బతుకుల్ని మాకంటే పెద్ద శక్తి చేతుల్లో పెట్టినాం. నాకు ప్రభువు, హనీఫాకు అల్లా. నీకెవరో నువ్వే చూసుకో. ఈ ఒక్కరోజుకు తాగబాక."

ముత్యాలయ్య నీళ్ళవైపు చూశాడు. తన ఇంటిని కదిలించింది ఏదో, దానికే దండం పెట్టుకున్నాడు.

తాగాలని ప్రాణం లాగినప్పుడు హనీఫా కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించేవాడు. వాన వెళ్ళి ఎండలొచ్చాయి. ఇల్లు ఇంకా దూరం పోలేదు, దగ్గరికీ రాలేదు.

"ఎవురికి చెడు చేసినావో వాళ్ళకాడికి పో" అన్నాడు సమాధానం. "ఇల్లొస్తాదని పోబాక. చేసినావు గాబట్టి పో."

ముత్యాలయ్య పోయేసరికి మస్తానమ్మ తమ్ముడు చిన్నపోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. బావతో వేటకు పోయినప్పుడు పడవ తిరగబడి అతని కాలు విరిగింది. అప్పట్నుంచీ కుంటుతూనే ఉన్నాడు. గాలి తిప్పేసిందని ముత్యాలయ్య ఊరంతా చెప్పాడు.

"ఆ పొద్దు గాలి లేదురా. తాగి, చుక్కాని పట్టుకోనే నిద్రపోయినా."

"నేనూ ఆ పడవలోనే ఉండా గదా బావా" అన్నాడు చిన్నపోలయ్య. "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తా ఉండా." వల రెండో కొస బావ వైపు జరిపాడు.

ఆ సాయంత్రం ముత్యాలయ్య పడవేసుకుని పోతే దిబ్బ నిజంగానే దగ్గరైంది. చేపల పులుసు వాసన తగిలింది. గడపలో కూతురి జడ కనిపించింది. ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఊళ్ళో పోలేరయ్య అనే కుర్రాడి ఇల్లు వరస తప్పి తోపు వైపు జరుగుతోంది. కొత్తగా పెళ్ళయినవాడు, సీసా పట్టుకుని దాని వెంట తూలుతున్నాడు.

ముత్యాలయ్య గడప వైపు ఇంకోసారి చూసుకున్నాడు. పడవ తిప్పాడు.

పోలేరయ్యను ఇసుకలో కూర్చోబెట్టి, సరస్సుకు వీపు పెట్టి తానూ కూర్చున్నాడు. వాడు తిట్టాడు, ఏడ్చాడు, మళ్ళీ తిట్టాడు. "నా చేతా కాలేదురా" అని ముత్యాలయ్య తన కథంతా చెప్పాడు. వింటూ వింటూ వాడు సీసా వదిలేశాడు. వాడి ఇల్లు తోపు మొదట్లోనే ఆగిపోయింది.

తెల్లవారుతుండగా వీపు వెనక తలుపు కిర్రుమంది. పొయ్యి పొగ భుజాల మీదుగా ముందుకొచ్చింది. ముత్యాలయ్యకు తిరిగి చూడడానికి ధైర్యం చాల్లేదు.

"ఇద్దురూ లేచి మొకాలు కడుక్కోండి" అంది మస్తానమ్మ. "గంజి చల్లారిపోతా ఉంది."