ఏసమ్మ చేతి వాసన

ముక్కుకు కట్టుకున్న కొంగు జారిపోయినా సర్దుకోవడానికి ఏసమ్మకి చేతులు ఖాళీ లేవు. తొట్టెలో మోచేతుల దాకా ముంచి నాచు కుప్పను విడదీస్తోంది. వేళ్లకి జిగురుగా చుట్టుకునే ఆకుపచ్చ పోగుల మధ్య నుంచి తలవెంట్రుకల ఉండ వచ్చింది. తర్వాత గుట్కా పొట్లాలు. ఆ తర్వాత ఉబ్బి, మెత్తబడి, పసుపు కారుతున్న పసిపిల్లల డైపరు. పక్కకి తిరిగి ఉమ్మేసి, మళ్లీ చెయ్యి పెట్టింది.

నౌపడ దాటాక ఉప్పుమళ్ల అంచున పాడుబడిన గోదాము అది. సముద్రాన్ని కాపాడాలంటూ బొమ్మలు చేసేవాళ్లు విశాఖపట్నం నుంచి వచ్చి దాన్ని తీసుకున్నారు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచును ఉడకబెట్టి, రుబ్బి, సన్నటి వల మీద పలుచగా పరిచి ఎండబెడతారు. ఎండితే కాగితంలా లేస్తుంది. ఆ రేకుల్ని కుట్టి గోడంత తెర చేస్తున్నారు. ఏరడం, కడగడం ఏసమ్మ పని.

చేపల వాసన ఆమెకి ఒక లెక్కలోది కాదు. పెళ్లయిన నాటి నుంచి ఎండుచేపల గంపతో ఊళ్లు తిరిగింది. బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. చర్చిలో చివరి చాప మీద, కిటికీ వారన కూర్చోవడం ఎవరూ చెప్పకుండానే అలవాటు చేసుకుంది. మొగుడు కృపానిధి మాత్రం, "నీ కాడ సంద్రం వాసనొస్తాదే" అని నవ్వేవాడు. పడవ తిరగబడి అతను పోయాక ఆ మాట అనేవాళ్లు లేరు. ఇప్పుడు ఒడ్డున పేరుకునేదాంట్లో ఆ సంద్రం వాసనే లేదు. అంతా ఊళ్ల మురుగు.

ఆమె తీసి పారేసిన డైపరు ముక్కను రేఖ ఉత్త చేత్తోనే ఎత్తింది. ఈ తెర పని తలకెత్తుకున్న పిల్ల ఆమే.

"దీన్ని కూడా రేకులో కలిపేద్దాం పిన్నీ."

"ఛీ! అదేటి మాట తల్లీ? సూసినోల్లకి కడుపులో తిప్పేస్తాది."

"తిప్పాలి. మనం పారేసిందే కదా."

రేఖ కూడా ఊపిరి బిగబట్టే ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా చేతిలోది వదల్లేదు. అది చూసి ఏసమ్మ ఒప్పుకుంది. ఇద్దరూ ఆ రోత ముక్కను తడి నాచులో పరిచి, అరచేతులతో అదిమారు.

"సాయంత్రం తెర చూడ్డానికి పెద్దవాళ్లు వస్తున్నారు. అందరి ముందూ నిన్ను పిలుస్తాను. ఉండాలి," అంది రేఖ.

మండే ఎండకి మధ్యాహ్నానికల్లా రేకు లేచింది. దాన్ని తెరలో కుట్టేశాక, ఏసమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర మార్చుకుని పక్కన నిలబడింది. ఆ ముక్క కంటబడితే పెద్దవాళ్ల ముఖాలు ఎలా ముడుచుకుంటాయో చూడాలని ఆమెకి ఆశగా ఉంది.

కార్లు వచ్చాయి. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ డైపరు అతికిన చోటే చెంప ఆనించి ఫొటో దిగింది. "ఎంత నేచురల్‌గా ఉందో!" అంది. పక్కకి తిరగగానే ఏసమ్మ కనిపించింది. వెంటనే చేతిరుమాలు ముక్కుకు చేరింది. ఏర్పాట్లు చూసే ధనరాజ్‌ని పిలిచి ఏదో చెప్పింది.

అతను ఏసమ్మ దగ్గరికొచ్చాడు. "కాసేపు బయట కూసో ఏసమ్మా. ఏటనుకోకు."

"నానేటి సేసినాను బాబూ?"

"ఏటీ లేదు. వాసనొస్తన్నాదంతన్నారు."

"నాచు కదా బాబూ."

"నాచు ఎండిపోనాది కదా..." ఆమె చేతుల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఏసమ్మ అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. నిజమే. గోళ్ల సందుల్లో, చర్మం ముడతల్లో, ఎవరింటిదో ఆ కంపు. బస్సుల్లో జనం దూరం జరిగినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేది. ఇవాళ సిగ్గు రాలేదు. ఆ చెంప, ఆ రుమాలు, తెర ముందు ఆ ఇకిలింపులు చూస్తే, పొద్దున తొట్టెలో పుట్టిన దానికన్నా ఎక్కువ అసహ్యం పుట్టింది. గడప దాటి కాండ్రించి ఉమ్మేసింది.

కుళాయి దగ్గర కూర్చుని చేతులు ఎర్రబడేదాకా సబ్బుతో తోముకుంది. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉప్పుమళ్ల గట్టు ఎక్కింది.

లోపల మైకు గరగరలాడింది. రేఖ గొంతు. "ఈ నాచంతా ఏరి కడిగింది మా ఏసమ్మ పిన్ని. పిన్నీ, ఒకసారి ఇలా రా." చప్పట్లు మోగాయి. "పిన్నీ, ఎక్కడున్నావు?" చప్పట్లు పలచబడి ఆగిపోయాయి.

గట్టు మీదికి అంతా స్పష్టంగానే వినిపించింది. ఏసమ్మ కాలు ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల మీద జాలేసింది. వెనక్కి మాత్రం తిరగలేదు. మర్నాడు గానీ, ఆ తర్వాత గానీ గోదాము వైపు రాలేదు.

కుళాయి దిమ్మ మీద, ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న గులాబీరంగు సబ్బు అరిగి పలుచటి ముక్కగా మిగిలింది. నాని మెత్తబడిన దాని వీపులో ఒక ఆకుపచ్చ పోగు దిగబడి ఉంది.