కైలాసం చూసిన కోట

కోట ముందున్న పార్కింగ్‌లో కార్ల కింద చేరిన ఖర్జూరపు గింజలను కైలాసం చీపురు కొసతో బయటికి లాగుతున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. పొడుగ్గా, ఎండుపుల్లలా ఉంటాడు. పదకొండేళ్లుగా వంగి ఊడ్చీ ఊడ్చీ నడుము ఓ పక్కకు ఒరిగింది. ముక్కు మీద నల్లటి మచ్చ ఉంది. చూసినవాళ్లు పుట్టుమచ్చ అనుకుంటారు గానీ అది బొగ్గు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని చేసినప్పుడు గాయమైతే, బొగ్గుపొడి లోపలే ఉండగా మానిపోయింది. ఒమన్ ఎండ కూడా దాన్నేమీ చేయలేకపోయింది.

ఈ దేశంలో అతనికి ఇదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి వ్యాన్ వస్తుంది, రాత్రికి విమానం. పొద్దున్నే భార్య జ్యోతిరాణి ఫోన్ చేసింది.

"గీ సారన్నా నోరు మూసుకొని రా. ఎవలతోని లొల్లి పెట్టుకోకు."

ఆమె భయం ఉత్త భయం కాదు. రెండేళ్ల కింద నిచ్చెన మెట్టు విరిగి ఉందని కైలాసం పోయి పైవాళ్లకు చెప్పాడు. విచారణ అన్నారు, సంతకాలన్నారు, అవి తేలేదాకా దేశం కదలొద్దన్నారు. అతను లేకుండానే కూతురు హర్షిణి పెళ్లి అయిపోయింది. ఇప్పుడా పిల్లకు తొమ్మిదో నెల.

"ఏం లొల్లి లేదు. కోట చూసి వస్త."

"పదకొండేండ్ల సంది చూస్తలేవా?"

"బయటికెల్లి చూసిన."

నిజమే. డ్యూటీలో ఉన్నప్పుడు లోపలికి పోనివ్వరు. సెలవు దొరికిన రోజు మళ్లీ ఆ గోడల మొహమే చూడబుద్ధి కాదు. అలా ఒక రాజుగారి కోట చుట్టూ పదకొండేళ్లు తిరిగి, లోపల ఏముందో తెలియకుండా పోతున్నందుకు రెండు రోజులుగా అతనికి మనసులో ఒకటే గుంజులాట.

గేటు దగ్గర టికెట్లు చింపే ఖయ్యూం కరీంనగర్ వాడు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక కైలాసాన్ని లోపలికి తీసుకుపోయాడు. చీపురు చేతిలోనే ఉండిపోయిన సంగతి కైలాసానికి తెలియనే లేదు.

మొదటి గదిలో నేల పొడవునా సన్నటి కాలువలున్నాయి. కైలాసం కూర్చుని వేలితో తడిమాడు.

"ఇవేంది భాయ్?"

"ఖర్జూరం బస్తాలు మీద మీద పేరుస్తుండె. బరువుకు పాకం కారి ఈ కాలువలల్ల పడ్తుండె. గా పాకమే కాగబెట్టి, దర్వాజ మీది బొక్కలకెల్లి దుష్మన్ల నెత్తిన పోస్తుండిరి."

"తినేదాన్ని నెత్తిన పోసుడేంది?" అన్నాడు కైలాసం. అతనికి శత్రువుల కంటే పాకం మీదే జాలి కలిగింది.

మేడ మీద రాజు గుర్రాన్ని కట్టేసే గది ఉంది. కైలాసం వెనక్కి పోయి ఒక్కో మెట్టు ఎత్తునూ జానలతో కొలిచాడు.

"ఎక్కుడంటే ఎక్కింది. మరి దిగుడెట్ల?"

ఖయ్యూం నవ్వాడు. "ఇన్నేండ్లల్ల గిది ఎవ్వలడుగలే నన్ను."

ఆ పక్కది పొడుగాటి గది, కప్పు చేతికందేంత ఎత్తే. తాటిదూలాల్లాంటి దూలాలు, వాటి మధ్య సున్నపు గచ్చు. లోపలికి అడుగు పెట్టగానే కైలాసం ఎడమ అరచేతిని కప్పుకు ఆనించి, కుడిచేత్తో చీపురు కర్ర ఎత్తి టకటకా కొట్టాడు. అలా కొట్టి చూడందే బాయిలో ఎవరూ ముందుకు పోరు. గట్టి బండ ఖంగుమంటుంది. విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది, అరచేతికి వణుకు తెలుస్తుంది. మొదటి రెండు దూలాల దగ్గర ఖంగుమంది. మూడో దగ్గర డొల్లగా మోగింది. అరచేతికి కప్పు వణుకు తెలిసింది. బొటనవేలంత గచ్చు పెళ్ల ఊడి కింద పడింది.

"గీ అర్రలకు ఎవలన్న వస్తరా?"

"రేపు బడిపిల్లలు. ఈడనే కూసోబెట్టి కథ చెప్తరు."

"ఆఫీసుల చెప్పుదాం నడువ్."

ఖయ్యూం అతని భుజం పట్టుకున్నాడు. "మల్ల కాయితాలంటరు, ఆగుమంటరు. బిడ్డ కాన్పు మర్శినవా? నువ్వు పో. పొద్దున నేను చెప్త."

"నువ్వు చెప్తే వింటరా?"

"ఏమో భాయ్. టికెట్లు చింపేటోని మాట."

పదిహేనేళ్ల కింద బాయిలో ఒక కప్పు ఇట్లాగే మోగింది. కైలాసం విన్నాడు. కానీ తనిఖీ చేసే సర్దార్ బాగానే ఉందన్నాడు, తనేమో కప్పు కింద దుంగలు నిలిపే కాంట్రాక్టు కూలీ. పెద్దవాడు సరేనన్నాక తనెవరని ఊరుకున్నాడు. అన్నం వేళకు అది తోటి కూలీ రామచంద్రం కాలు మీద పడింది. ఆ సిగ్గు అతన్ని ఇప్పటికీ విడవలేదు.

"కట్టె పెడ్దాం," అన్నాడు.

పెరట్లో మరమ్మతులకు తెచ్చిన దుంగలున్నాయి. ఎత్తును చీపురు కర్రతో కొలిచి, ఒక దుంగను ఆ మేరకు కోసి, ఇద్దరూ మోసుకొచ్చారు. కింద ఒక పలక, పైన ఒక పలక. మధ్యలో దుంగను నిలిపి, చెక్క చీలికలు పెట్టి సుత్తితో బిగించాడు. ఇన్నేళ్లయినా చేతులు మరిచిపోలేదు. ఒక్క దెబ్బ కూడా పక్కకు పోలేదు. ఒరిగిన నడుము ఆ కాసేపు నిటారుగా నిలబడింది. మళ్లీ కప్పు కొట్టి చూస్తే అరచేతికి వణుకు తెలియలేదు. అతనికి చాలా సంతోషమైంది. ఆ సంతోషాన్ని ఖయ్యూం ముందు దాచుకోలేదు కూడా.

"ఎంత మంచిగ కూసుందో చూడు," అన్నాడు.

బాయిలో దుంగ నిలిపాక సర్దార్ వచ్చి చూసి, దాని మీద సుద్దతో తారీఖు వేసి తన పేరు రాస్తాడు. కైలాసం వేల దుంగలు నిలిపాడు గానీ సుద్ద పట్టే హక్కు అతనికి ఏ రోజూ లేదు. వంగి, ఊడిపడిన గచ్చు పెళ్లను తీసుకున్నాడు.

"పేరు రాయకు భాయ్," ఖయ్యూం కంగారు పడ్డాడు. "నువ్వే అని తెలిస్తే విమానం కాడనే ఆపుతరు."

"ఈడ తెలుగు సదివేటోడు నువ్వొక్కనివే. నువ్వైతే చెప్పవు."

ఐదింటికి వ్యాన్ వచ్చింది. కైలాసం కిటికీ పక్కన కూర్చుని, ఖయ్యూంకు చెయ్యూపి, బయల్దేరుతున్నానని జ్యోతిరాణికి ఫోన్ చేశాడు. లొల్లి ఏం లేదు కదా అని ఆమె అడిగింది. లేదన్నాడు. వ్యాన్ మలుపు తిరిగింది.

మేడ మీద మూడో దూలం కింద దుంగ ఒంటరిగా నిలబడి ఉంది. దాని మీద తెల్లటి పెద్ద అక్షరాల్లో ఆ రోజు తారీఖు, కింద 'కైలాసం, బెల్లంపల్లి'.